థామస్ కప్ 2022: ఆ గెలుపులో మూడో సింగిల్స్ ఆటగాడి పాత్ర ఎంత?

ప్రశ్న: మారతహళ్లి వాసి

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. పదకొండేళ్లుగా బెంగళూరులో, మారతహళ్లి వైపు ఉంటున్నాము. మా అపార్ట్‌మెంట్‌కూ చుట్టుపక్కల ఉన్న మరో మూడింటికీ కలిపి ఏటా షటిల్ పోటీలు జరుగుతాయి. ఇన్నాళ్లూ ఎవరికి వారే ఆడేవారు. ఈసారి మాత్రం జట్లుగా ఆడించాలని, పురుషుల జట్లకు జరిగే ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీ థామస్ కప్‌లో ఉన్నట్టే ఒక్కొక్క పోరుకు మూడు సింగిల్స్, రెండు డబుల్స్ పెట్టాలని, ముందుగా మూడు మ్యాచ్‌లు గెలిచిన జట్టునే విజేతగా ప్రకటించాలని అందరూ కలిసి నిర్ణయించారు. మా జట్టులో ఎవరు ఏ స్థానంలో ఆడాలో రాసి ఇచ్చే పని నాకు అప్పజెప్పారు. నాకు ఆట మీద ఇష్టం ఉంది గాని ఈ పద్ధతిలో అనుభవం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా జట్టులో సింగిల్స్ ఆడగలిగినవారు ముగ్గురున్నారు. ఒకాయన విశ్వవిద్యాలయం తరఫున ఆడినవారు. రెండో ఆయన ఆట అంతకంటే కొంచెం తక్కువ. మూడోవాడు మా అబ్బాయి. వాడికి పదిహేనేళ్లు, నాలుగేళ్లుగా శిక్షణ తీసుకుంటున్నాడు. వాడి పేరు మూడో సింగిల్స్‌కు రాశాను. ఆ కాగితం చూసి వాడు, "అంతలోపే మూడు మ్యాచ్‌లు తేలిపోతే నేను కోర్టులోకి దిగే పనే ఉండదు కదా నాన్నా, దానికి నా పేరెందుకు?" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. మరోవైపు జట్టులోని కొందరు, మా అబ్బాయినే మొదటి మ్యాచ్‌లో ఎదుటివారి మేటి ఆటగాడి ముందు నిలబెట్టి, ఆ ఒక్క మ్యాచ్ వదులుకుని, మన మేటి ఆటగాణ్ని వాళ్ల మూడో ఆటగాడి మీదికి పంపితే లాభం కదా అంటున్నారు. ఆ ఆలోచన నాకు రుచించలేదు, కానీ ఎందుకు తప్పో చెప్పలేకపోయాను.

మా అబ్బాయికి ధైర్యం చెప్పడానికి 2022లో బ్యాంకాక్‌లో మన జట్టు థామస్ కప్ గెలిచిన సంగతి ఎత్తాను. క్వార్టర్‌ఫైనల్‌లోనూ సెమీఫైనల్‌లోనూ చెరి రెండు మ్యాచ్‌లతో సమానంగా ఉన్నప్పుడు చివరి మ్యాచ్ గెలిచి జట్టును ఒడ్డున పడేసింది మూడో సింగిల్స్ ఆడిన హెచ్.ఎస్. ప్రణయ్ అని చెప్పాను. పక్కనే ఉన్న మా పై అంతస్తు పెద్దాయన, ఈ ఆటను ఎన్నో ఏళ్లుగా చూస్తున్నవారు, నా మాటకు అడ్డు తగిలారు. ఇండొనేషియాకు ఆ రోజు అసలైన డబుల్స్ జోడీ లేదని, ఫైనల్‌లో ప్రణయ్ ఆడనే లేదని, ఆ కప్పు మనకు కాలం కలిసి వచ్చిందని ఆయన అభిప్రాయం. ఆయన మీద గౌరవం కొద్దీ ఊరుకున్నాను గాని మనసు ఒప్పుకోలేదు.

కాబట్టి తెలిసినవారు దయచేసి చెప్పండి. థామస్ కప్‌లో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ఎవరు నిర్ణయిస్తారు? ఆ గెలుపును అదృష్టం అనవచ్చా? ఫైనల్ ఆడని ప్రణయ్‌కు ఆ కప్పులో ఎంత భాగం ఉంది?

జవాబు: షటిల్ శిక్షకుడు, యలహంక

నమస్కారమండీ. మాది తెనాలి. ఇక్కడ పిల్లలకు ఆట నేర్పుతూ పద్నాలుగేళ్లయింది. మీ ప్రశ్నలో మొదటి భాగానికి జవాబు తేలిక. దాన్ని పట్టుకుంటే మిగతావి చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

థామస్ కప్‌లో సింగిల్స్ ఆటగాళ్ల వరుసను శిక్షకుడు తన ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. ముందే ప్రకటించిన ఒక తేదీ నాటి ప్రపంచ ర్యాంకింగ్‌లో ఎవరు పైన ఉంటే వారే మొదటి సింగిల్స్ ఆడాలి, ఆ తర్వాతివారు రెండోది, ఆ తర్వాతివారు మూడోది. డబుల్స్ జోడీలకూ ఇదే నియమం. ఒక ఆటగాణ్ని పూర్తిగా పక్కన కూర్చోబెట్టే హక్కు జట్టుకు ఉంది గాని, ఆడేవారిని కిందా మీదా చేసే హక్కు లేదు. మీ జట్టులో కొందరు చెప్పిన ఎత్తు, అంటే బలహీనుణ్ని ముందు బలిచ్చి బలవంతుణ్ని వెనక దాచడం, ఎవరూ వేయకుండా ఉండాలనే ఈ నియమం పెట్టారు. అది లేకపోతే ప్రేక్షకులకు మేటి ఆటగాడు మేటి ఆటగాడితో ఆడే మ్యాచే మిగలదు. మీకు రుచించకపోవడం న్యాయమే.

ఇప్పుడు 2022 మే నెలకు వద్దాం. అప్పటికి లక్ష్య సేన్ ర్యాంకు 9, కిడాంబి శ్రీకాంత్ ర్యాంకు 11, ప్రణయ్ ర్యాంకు 23. అందువల్ల లక్ష్య తాను ఆడిన ప్రతి పోరులోనూ ఎదుటి జట్టులోని అందరికంటే గట్టివాడితో తలపడవలసి వచ్చింది. ఇరవై ఏళ్ల కుర్రవాడు, పైగా పోటీకి ముందే కలుషిత ఆహారం వల్ల అస్వస్థతకు గురై కోలుకుంటున్నాడు. గ్రూపులో చైనీస్ తైపీ ఆటగాడు చౌ టియెన్ చెన్ చేతిలో ఓడాడు. క్వార్టర్‌ఫైనల్‌లో మలేషియా ఆటగాడు లీ జీ జియా చేతిలో, సెమీఫైనల్‌లో డెన్మార్క్ ఆటగాడు విక్టర్ అక్సెల్‌సెన్ చేతిలో ఓడాడు. అంటే రెండు నాకౌట్ పోరుల్లోనూ మన జట్టు మొదటి మ్యాచ్ ఓడిపోయే మొదలుపెట్టింది.

అక్కడి నుంచి లెక్క చూడండి. రెండో మ్యాచ్‌లో, అంటే మొదటి డబుల్స్‌లో, సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి గెలిచారు. మూడో మ్యాచ్‌లో, అంటే రెండో సింగిల్స్‌లో, శ్రీకాంత్ గెలిచాడు. నాలుగో మ్యాచ్‌లో, అంటే రెండో డబుల్స్‌లో, మన కుర్రవాళ్లు ఓడారు. అప్పటికి 2-2. మలేషియా పోరూ ఇంతే, డెన్మార్క్ పోరూ ఇంతే. రెండుసార్లూ భారం మొత్తం ప్రణయ్ మీద పడింది. మలేషియా ఆటగాడు లియాంగ్ జున్ హావోను 21-13, 21-8తో ఓడించాడు. డెన్మార్క్ ఆటగాడు రస్మస్ గెమ్కేతో మాత్రం మొదటి గేములోనే నెట్ దగ్గర జారిపడి చీలమండకు దెబ్బ తగిలించుకున్నాడు. వైద్య సహాయం తీసుకుని లేచాడు. మొదటి గేము 13-21తో పోయింది. ఆ తర్వాత 21-9, 21-12.

ఆ మ్యాచ్‌ను నేను నా విద్యార్థులకు కూర్చోబెట్టి చూపిస్తాను. స్కోరు కోసం కాదు, అడుగుల కోసం. దెబ్బ తగిలిన తర్వాత ప్రణయ్ అనవసరమైన పరుగులు మానేశాడు. షటిల్‌ను ఎత్తులో, తల ముందు అందుకుని, ఎదుటివాణ్ని వెనక మూలలకు తోస్తూ, తాను మధ్యలోనే నిలబడేలా ఆట మలుచుకున్నాడు. కాలు సహకరించనప్పుడు చేతితో ఆట నడపడం ఎలాగో అంతకంటే బాగా చూపించే పాఠం నా దగ్గర లేదు.

మీ పెద్దాయన మాటకు ఇక్కడే నా సమాధానం. 23వ ర్యాంకు అని చూసి ప్రణయ్‌ను మూడో తరగతి ఆటగాడనుకోవడం పొరపాటు. 2018లోనే ఎనిమిదో ర్యాంకుకు చేరినవాడు, అక్సెల్‌సెన్ లాంటివాళ్లను ఓడించినవాడు, గాయాలతో అనారోగ్యంతో కిందికి జారి మళ్లీ ఎదుగుతున్నవాడు. అలాంటివాడు మూడో స్థానంలో దొరకడం చాలా జట్లకు లేని బలం. మలేషియాకు గాని డెన్మార్క్‌కు గాని మొదటి స్థానంలో మనకంటే గట్టివాళ్లున్నారు, మూడో స్థానంలో లేరు. ఐదు మ్యాచ్‌ల పోరులో గెలుపు అలాంటి చోటే తేలుతుంది.

మీ అపార్ట్‌మెంట్ల పోటీకి ర్యాంకులు ఉండవు కాబట్టి ఒక మాట. ప్రతి జట్టూ తన ముగ్గురి మధ్య ముందే మ్యాచ్‌లు ఆడించి, ఆ వరుసనే నిర్వాహకులకు రాసి ఇచ్చి, పోటీ ముగిసేదాకా మార్చకూడదని నియమం పెట్టించండి. గొడవ ఉండదు.

జవాబు: పాత ప్రేక్షకుడు, జయనగర్

శిక్షకుడు గారు వివరంగా చెప్పారు. నేను 1980 నుంచి, ఆ ఏడాది ప్రకాశ్ పదుకొణె గారు ఆల్ ఇంగ్లండ్ గెలిచిన నాటి నుంచి, ఈ ఆటను చూస్తున్నాను. పోరు స్వరూపం గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే మూడో సింగిల్స్‌కు ఈ విలువ మొదటి నుంచీ ఇలా లేదు.

ఒకప్పుడు థామస్ కప్ పోరు అంటే తొమ్మిది మ్యాచ్‌లు. ఐదు సింగిల్స్, నాలుగు డబుల్స్, రెండు రోజుల పాటు జరిగేవి. 1949లో ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో జరిగిన మొట్టమొదటి ఫైనల్‌లో మలయా జట్టు డెన్మార్క్‌ను 8-1తో ఓడించింది. ఒక జట్టులో ఇద్దరు ముగ్గురు మేటి ఆటగాళ్లుంటే వాళ్లే సింగిల్స్, డబుల్స్ రెండూ ఆడి జట్టును మోసేవారు. 1984 నుంచి పోరును ఐదు మ్యాచ్‌లకు కుదించారు. ఒక్కొక్క మ్యాచ్ పోరులో ఐదో వంతు అయింది, ఒక్క స్థానంలో లోటు ఉన్నా దాచుకోవడం కష్టమైంది. మనకు ఎప్పుడూ మొదటి సింగిల్స్‌కు ఒక గొప్ప ఆటగాడు ఉండేవాడు. నాలుగో మ్యాచ్, ఐదో మ్యాచ్ వచ్చేసరికి చేతులు ఖాళీ అయ్యేవి. 1979 తర్వాత మళ్లీ సెమీఫైనల్ ముఖం చూడటానికి 2022 దాకా ఆగవలసి వచ్చిందంటే కారణం అదేనని నా గట్టి నమ్మకం.

ఇంకొక సంగతి. ఇన్నేళ్లలో ఆ కప్పు అందుకున్న దేశాలు ఆరే. ఇండొనేషియా, చైనా, మలేషియా, జపాన్, డెన్మార్క్, ఆరవది మనది. ఇండొనేషియా ఒక్కటే పద్నాలుగుసార్లు గెలిచింది, ఆ రోజు బరిలో ఉన్నది కూడా ముందటి విజేత హోదాలోనే. బ్యాంకాక్‌లో ఫైనల్ దాకా ఒక్క పోరూ ఓడలేదు. మనమేమో గ్రూపులో జర్మనీని, కెనడాను 5-0తో ఓడించినా చైనీస్ తైపీ చేతిలో 2-3తో ఓడి వచ్చాము. ఇండొనేషియా లాంటి జట్టు మీద, ఫైనల్‌లో, ఒక్క మ్యాచ్ కూడా ఇవ్వకుండా 3-0తో గెలవడాన్ని అదృష్టం అని నేనైతే అనలేను. అదృష్టం ఒక షటిల్ నెట్ తాకి అవతల పడేదాకా తోడుంటుంది, మూడు మ్యాచ్‌ల పొడవునా ఉండదు.

ఆ ఆదివారం, మే 15న, జయనగర్‌లో మా అల్లుడి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాము. లక్ష్య మొదటి గేము 8-21తో ఓడిపోయినప్పుడు మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది, చూడలేనని. ఎదుట ఉన్నది ఐదో ర్యాంకు ఆటగాడు ఆంథొనీ గింటింగ్. అతని వేగం ముందు మనవాడు బొమ్మలా నిలబడిపోయాడు. రెండో గేము నుంచి లక్ష్య ర్యాలీలు పొడిగించడం మొదలుపెట్టాడు. కొట్టిన ప్రతి స్మాష్ తిరిగి వస్తుంటే గింటింగ్ గీతల అంచులకు గురిపెట్టి తప్పులు చేశాడు. 21-17, 21-16. వరుసగా ముగ్గురు మేటి ఆటగాళ్ల చేతిలో ఓడిన కుర్రవాణ్ని జట్టు నమ్మి మళ్లీ దింపింది. అల్మోరా నుంచి పిల్లవాడిగా వచ్చి మన బెంగళూరులో, పదుకొణె గారి అకాడమీలో, ఆట నేర్చుకున్నవాడు. మా ఆవిడ వంటింట్లోంచి గరిటె చేతిలో ఉండగానే తిరిగి వచ్చింది.

జవాబు: డబుల్స్ అభిమాని, హొరమావు

పెద్దలిద్దరి మాటల మీదా గౌరవంతోనే నా భిన్నాభిప్రాయం చెబుతాను. నేను వారానికి నాలుగు రోజులు హొరమావు దగ్గర ఒక రేకుల షెడ్డు కోర్టులో డబుల్స్ ఆడుతాను, కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నాను.

ప్రణయ్ లేకపోతే మనం ఫైనల్ చేరేవాళ్లం కాము, నిజమే. కానీ ప్రణయ్‌కు ఆ ఐదో మ్యాచ్ దక్కింది ఎలాగ? మొదటి మ్యాచ్ ఓడిన ఆ రెండు నాకౌట్ పోరుల్లోనూ రెండో మ్యాచ్‌లో సాత్విక్, చిరాగ్ పోరును సమం చేశారు గనుక. డెన్మార్క్ జోడీ కిమ్ ఆస్ట్రప్, మథియాస్ క్రిస్టియాన్‌సెన్‌లతో మూడో గేము 22-20 దాకా పోయింది. అందులో రెండు పాయింట్లు అటు పడి ఉంటే మన జట్టు 0-2తో వెనకబడేది, నాలుగో మ్యాచ్‌లో ఎలాగూ ఓడాము కాబట్టి కథ అక్కడే ముగిసేది. ప్రణయ్ వేడెక్కి కూర్చున్నా కోర్టులోకి దిగేవాడు కాడు.

ఇక ఇండొనేషియాకు అసలైన జోడీ లేదన్న మాట. కెవిన్ సంజయతో ఎప్పుడూ జోడీగా ఆడే మార్కస్ గిడియోన్ గాయం వల్ల రాలేదు, అందుకని కెవిన్‌ను మహమ్మద్ అహ్సాన్‌తో కలిపి ఆడించారు, ఇది నిజం. కానీ ఆ ఇద్దరూ ఎవరు? అహ్సాన్ తన పాత జోడీతో మూడుసార్లు ప్రపంచ చాంపియన్. కెవిన్ నెట్ దగ్గర నిలబడితే అతని ముందు నుంచి షటిల్ దాటించడం ప్రపంచంలో ఎవరికీ తేలిక కాదు. అతను మార్కస్‌తో కలిసి ఏళ్ల తరబడి ఒకటో ర్యాంకులో ఉన్నాడు. అలాంటి ఇద్దరిని కలిపితే జోడీ పాతదా కొత్తదా అన్నది రెండో విషయం. పైగా వాళ్ల రెండో జోడీ ఫజర్ అల్ఫియాన్, రియాన్ ఆర్డియాంటో. నాలుగో మ్యాచ్ దాకా పోరు వెళ్లి ఉంటే మన రెండో జోడీకి వాళ్లతో గెలవడం దాదాపు అసాధ్యం. అంటే మన మొదటి డబుల్స్ ఓడిపోతే ఇండొనేషియాకు డబుల్స్ రెండూ దక్కినట్టే. అప్పుడు మనం మూడు సింగిల్స్‌కు మూడూ గెలిచి తీరాలి.

ఆ మ్యాచ్ ఎలా సాగిందో గుర్తు చేసుకోండి. మొదటి గేము 18-21తో పోయింది. రెండో గేములో ఎదుటివారికి నాలుగు మ్యాచ్ పాయింట్లు వచ్చాయి, అంటే ఇంకొక్క పాయింట్ వస్తే మ్యాచ్ వాళ్లదే అన్న స్థితి నాలుగుసార్లు వచ్చింది. నాలుగూ కాపాడుకుని 23-21తో గేము లాగారు. మూడో గేము 21-19. నేను ఆడే ఆట పెద్దదేమీ కాదు గాని, 20 దగ్గర సర్వ్ చేసేటప్పుడు షటిల్ ఈకలు పట్టుకున్న వేళ్లు ఎలా బిగుసుకుంటాయో నాకు తెలుసు. ఊపిరి పట్టేస్తుంది, పొట్టి సర్వ్ అర అంగుళం పైకి లేస్తుంది, అవతలివాడు దాన్ని నేలకు కొడతాడు. థామస్ కప్ ఫైనల్‌లో నాలుగుసార్లు ఆ క్షణంలో నిలబడి, ఒక్కసారి కూడా చేయి వణకకుండా ఆడటాన్ని ఏమనాలో నాకు మాటలు రావు. మన అమలాపురం కుర్రవాడు వెనక నుంచి కొడుతుంటే ముందు చిరాగ్ ఆ ఒత్తిడిలో నెట్ వదలకుండా నిలబడ్డాడు.

ఆ తర్వాత శ్రీకాంత్ పని ముగించాడు. ఆసియా క్రీడల స్వర్ణ విజేత జోనాటన్ క్రిస్టీని 21-15, 23-21తో ఓడించాడు. టోర్నమెంటు మొత్తంలో ఆడిన ఆరు మ్యాచ్‌లూ గెలిచాడు. మన రావులపాలెం పిల్లవాడి గురించి ఈ చర్చలో ఎవరూ రెండు వాక్యాలైనా రాయకపోవడం నాకు కష్టం కలిగించింది. మొదటి మ్యాచ్ ఓడి, పోరు 1-1తో ఉన్నప్పుడు దిగిన రెండుసార్లూ జట్టును ముందుకు తెచ్చినవాడు అతనే.

2024లో చెంగ్డూలో ఏమైందో చూస్తే నా మాట ఇంకా తేటపడుతుంది. క్వార్టర్‌ఫైనల్‌లో చైనా చేతిలో 1-3తో ఓడాము. ఆ రోజు లక్ష్య గెలిచాడు గాని డబుల్స్ రెండూ పోయాయి. నాలుగో మ్యాచ్‌తోనే పోరు ముగిసిపోయింది, మూడో సింగిల్స్ ఆటగాడు రాకెట్ సంచీ తెరవనేలేదు. కాబట్టి మారతహళ్లి వాసి గారూ, మీ సింగిల్స్ వరుస గురించి ఎంత ఆలోచిస్తున్నారో, దానికి రెట్టింపు మీ రెండో డబుల్స్ గురించి ఆలోచించమని నా మనవి.

జవాబు: షటిల్ శిక్షకుడు, యలహంక

హొరమావు మిత్రుడి మాటలో బలముంది. శ్రీకాంత్ విషయంలో నాది పొరపాటే, ఒప్పుకుంటున్నాను. ఆరుకు ఆరు గెలిచినవాణ్ని ఒక్క వాక్యంలో దాటించకూడదు.

అయినా ఒక్కటి అడుగుతాను. ఫైనల్‌లో మొదటి గేము అంత ఘోరంగా ఓడిన లక్ష్య, నాలుగు మ్యాచ్ పాయింట్ల అంచున నిలబడ్డ సాత్విక్, చిరాగ్ అంత నిబ్బరంగా ఎలా ఆడగలిగారు? వెనక ఎవరూ లేరని తెలిసిన జట్టు అలా ఆడదు. నా శిక్షణలోని పిల్లలతో జిల్లా, రాష్ట్ర పోటీలకు వెళ్లినప్పుడు చాలాసార్లు గమనించాను. ఐదో స్థానంలో నమ్మకమైనవాడు ఉంటే మొదటి నలుగురూ చేతులు వదిలి ఆడతారు. ఐదో స్థానం లోటుగా ఉంటే రెండో మ్యాచ్‌లోనే భుజాలు బిగుసుకుంటాయి, కొట్టవలసిన షటిల్‌ను తోస్తారు. ఆ ఆదివారం ప్రణయ్ కోర్టు బయట ఉన్నాడు. షెసర్ హిరెన్ రుస్తావిటోతో అతని మ్యాచ్ జరగవలసిన అవసరమే రాలేదు. రెండు రోజుల ముందు కుంటుతూ గెలిచినవాడు వెనక ఉన్నాడన్న ధైర్యం మాత్రం ఆడిన నలుగురికీ ఉంది. స్కోరు పట్టికలో రాని ఆ భాగాన్నే నేను ప్రణయ్ ఖాతాలో వేస్తాను.

మారతహళ్లి వాసి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీ జవాబులన్నీ నిన్న రాత్రి భోజనాలయ్యాక మా అబ్బాయికి చదివి వినిపించాను. శిక్షకుడు గారు చెప్పినట్టే, వరుసను ముందే రాసి ఇవ్వాలని, మధ్యలో మార్చకూడదని నిర్వాహకులను కోరాను. నాలుగు జట్లూ ఒప్పుకున్నాయి. బలి ఇచ్చే ఎత్తు గురించి ఇక ఎవరూ మాట్లాడటం లేదు. హొరమావు మిత్రుడి సలహా కూడా పాటించాను. మా రెండో డబుల్స్‌లో అలవాటు కొద్దీ పడిన ఇద్దరి పేర్లు తీసి, రోజూ ఉదయం కలిసి ఆడే అన్నదమ్ములిద్దరి పేర్లు రాశాను.

పై అంతస్తు పెద్దాయనకు కూడా చూపించాను. నాలుగు మ్యాచ్ పాయింట్ల సంగతి తాను మరిచిపోయానని అన్నారు. మార్కస్ ఉండి ఉంటే ఫలితం మారేదన్న అభిప్రాయం మాత్రం వదులుకోలేదు, నేనూ ఒత్తిడి చేయలేదు. అయితే ప్రణయ్, గెమ్కే మ్యాచ్‌ను మా ఇంట్లోనే కూర్చుని మళ్లీ చూద్దామని ఆయనే అడిగారు. రెండో గేము విరామం దగ్గర మా అబ్బాయి లేచి నిలబడి, ప్రణయ్ ఏ కాలి మీద బరువు వేస్తున్నాడో, ఏ కాలిని కాపాడుకుంటున్నాడో ఆయనకు చూపించడం మొదలుపెట్టాడు. మొదటి రోజు ఉన్న అలక ఇప్పుడు లేదు.

ఇప్పుడు వాడికి వేరే బెంగ పట్టుకుంది. మొదటి మ్యాచ్ మొదలైన తర్వాత తన వంతు రావడానికి మూడు గంటలు పట్టవచ్చు, అసలు రాకనూ పోవచ్చు. అన్నిసేపు కూర్చుంటే ఒళ్లు చల్లబడిపోదా, ముందే ఒళ్లు వేడెక్కించుకుంటే అలసిపోడా అని అడుగుతున్నాడు. శిక్షకుడు గారు ఈ ఒక్కదానికి కూడా దారి చెబితే ఋణపడి ఉంటాము.

జవాబు: షటిల్ శిక్షకుడు, యలహంక

మంచి ప్రశ్న, మూడో సింగిల్స్ ఆడే ప్రతివాడూ అడగవలసిన ప్రశ్న.

మొదటి రెండు మ్యాచ్‌లు జరుగుతున్నంతసేపు కూర్చుని జట్టును ఉత్సాహపరచనివ్వండి, కానీ అరిచి గొంతు, బలం పోగొట్టుకోవద్దని చెప్పండి. కడుపు నిండా తినకూడదు. మూడో మ్యాచ్ మొదలైనప్పుడు ఒక అరటిపండు, కొంచెం కొంచెంగా నీళ్లు చాలు. మూడో మ్యాచ్ ముగిసి పోరు ఇంకా తేలలేదంటే అప్పుడు లేవాలి. పది నిమిషాలు స్కిప్పింగ్, నెమ్మదిగా పరుగు, చీలమండలకు, భుజాలకు సాగదీత. నాలుగో మ్యాచ్ రెండో గేము నడుస్తుండగా పక్క కోర్టు ఖాళీగా ఉంటే ఎవరితోనైనా పది నిమిషాలు షటిల్ ఆడించండి. ముందు ఎత్తైన క్లియర్లు, అంటే వెనక గీత దాకా పోయే దెబ్బలు, తర్వాత నెట్ దాటగానే పడే డ్రాప్‌లు, చివర నాలుగైదు స్మాష్‌లు, అంతకు మించి వద్దు. ఆ తర్వాత పొడి చొక్కా వేసుకుని, పైన ఒక స్వెటర్ తగిలించుకుని కూర్చోవాలి. మన బెంగళూరులో సాయంత్రం గాలి చల్లగా ఉంటుంది కాబట్టి తడి చొక్కాతో కూర్చుంటే చేసిందంతా వృథా.

మీ పోటీలో ఏ షటిల్ వాడుతున్నారో కూడా కనుక్కోండి. మన ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, ఇక్కడ ఫెదర్ షటిల్ వేగంగా పోతుంది. చెన్నైలోనో విజయవాడలోనో కొన్న డబ్బాలు తెస్తే క్లియర్లన్నీ వెనక గీత దాటిపోతాయి. అదే డబ్బాలోని షటిల్‌తో మీ అబ్బాయి ఈ వారమంతా సాధన చేస్తే మంచిది. ఆదివారం మొదటి పోరు ఎన్ని గంటలకో రాయండి. యలహంక నుంచి ఉదయం తరగతి ముగించుకుని, వీలైతే నాలుగో మ్యాచ్ వేళకు నేనూ వస్తాను. పక్క కోర్టులో ఆ పది నిమిషాలు నేనే ఆడిస్తాను.